రెండు రోకళ్ల మధ్య ఇంగ్లీషు

ఇంగ్లీషు చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. తిన్నె మీద కూర్చుని కాఫీ తాగి, గ్రామరు ఎట్లా చెప్పాలి, కాంపొజిషను ఎట్లా దిద్దాలి అని అడుగుతారు. అవి పుస్తకాల్లో ఉన్నాయి, చూసుకోండి నాయనా అంటాను. పుస్తకంలో లేనిది ఒకటుంది. అది ఇంగ్లీషు నడక. మాటలన్నీ సరిగ్గా ఉండి నడక తప్పితే ఇంగ్లీషువాడికి మన మాట అర్థం కాదు, వాడి మాట మనకు అర్థం కాదు. నా ఉద్యోగంలో నేను గట్టిగా నేర్చుకున్నది అదొక్కటే. అది కూడా సగం ఉద్యోగం అయిపోయాక, మా అమ్మ పుణ్యాన.

జీతం ఎప్పుడు పెరిగింది, శాలువా ఎవరు కప్పారు అన్నవి ఇందులో ఉండవు. శాలువా ఎవరూ కప్పలేదు. విరుదునగర్ ఎండలకు శాలువా ఏం చేసుకుంటాను?

తెలుగులో ఎందుకు రాస్తున్నావని మా వాళ్లే అడుగుతున్నారు. మాది కోవిల్పట్టి నుంచి ఒట్టపిడారం పోయే దారిలో ఒక నల్లరేగడి ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు మాకు మాట్లాడే భాషే కాని చదివే భాష కాదు. రిటైరయ్యాక చిన్నపిల్లల వాచకం తెప్పించుకుని అక్షరాలు దిద్దుకున్నాను. మనవళ్లు నవ్వారు. నవ్వనీ. నా బోటి తెలుగిళ్ల నుంచి వచ్చి అరవం బడుల్లో ఇంగ్లీషు చెప్పే పిల్లలకు ఈ మాట మన మాటలోనే చెప్పాలనిపించింది.

సుద్దముక్కతో మాట్లాడుకున్నాం

నేను మొదట చేరింది కోవిల్పట్టిలో. అప్పుడు ఆ ఊళ్లో ఒక కొత్త నూలు మిల్లుకు యంత్రాలు దిగుతున్నాయి. వాటిని బిగించడానికి స్కాట్లాండు నుంచి ఒక ఇంజనీరు దొర వచ్చాడు. ఒకరోజు ఆయన దగ్గరుండే దుబాసికి జ్వరం వస్తే, బడి నుంచి నన్ను పంపించారు. కొత్తగా బి.ఏ. పాసై ఉన్నాను. తలపాగా సర్దుకుని, ఊళ్లో అందరికీ కనబడేటట్టు బజారు మధ్యగా నడిచి వెళ్లాను.

దొర ఒక వాక్యం చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పమన్నాను. మళ్లీ అంతే. అప్పుడు నేను నా ఇంగ్లీషులో, "తమరు నిదానంగా సెలవివ్వాలి" అన్నాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా వైపు వంగాడు. మూడోసారికి ఆయనకు ఓపిక అయిపోయింది. జేబులోంచి సుద్దముక్క తీసి యంత్రం వచ్చిన చెక్కపెట్టె మీద రాశాడు. దీన్ని కింది నుంచి ఎత్తమని మనుషులకు చెప్పు, అంతే. ఆ మాటలన్నీ నేను మూడో ఫారం పిల్లలకు నేర్పుతున్నవే! నేను సుద్దముక్క తీసుకుని, సరేనండి, తాళ్లు ఎక్కడున్నాయి అని దాని కింద రాశాను. మధ్యాహ్నం దాకా ఇద్దరమూ ఆ పెట్టెల మీద రాసుకుంటూనే పని జరిపించాం. ఇద్దరమూ ఇంగ్లీషు వచ్చినవాళ్లమే. చూస్తున్న కూలీలు మాత్రం దొరకూ వాద్దియారుకూ, అంటే పంతులుకూ, నోరు పడిపోయిందనుకున్నారు.

దొరలు సగం మాటలు మింగేస్తారు అని ఆ రోజు తేల్చేశాను. చాలా ఏళ్లు పిల్లలకు అదే చెప్పాను. అది వట్టి తప్పు. దొరలు ఏదీ మింగరు.

మెయిలు బండి హెడ్మాస్టరు

తరవాత విరుదునగర్‌కు మారాను. నేను చేరిన కొత్తలో పెద్దవాళ్లు ఇంకా దాన్ని విరుదుపట్టి అనే అనేవారు. అక్కడి మా హెడ్మాస్టరు మంచి మనిషి. తిండి లేకుండా బడికి వచ్చిన పిల్లవాడి ముఖం దూరం నుంచే పోల్చుకునేవాడు. వాణ్ణి పిలిచి తన ఇంటికి ఏదో పని మీద పంపించేవాడు. పనేమీ ఉండదు, ఆయన భార్య వాడికి అన్నం పెట్టి పంపేది. ఆయన మీద నాకు ఈ నాటికీ గౌరవమే. ఇంగ్లీషు విషయంలో మాత్రం ఆయనది పిచ్చి నమ్మకం. గబగబా మాట్లాడితే ఇంగ్లీషు అవుతుందని ఆయన నమ్మకం. "దొరలు అంత వేగంగా మాట్లాడుతుంటే మనవాళ్లు ఎద్దుల బండి తోలుతున్నారేమిటయ్యా" అని నన్ను కేకలేసేవాడు.

ఒకసారి ఇన్స్పెక్టరు దొర వస్తున్నాడని స్వాగతం చెప్పడానికి ఒక కుర్రాణ్ణి తయారు చేయించాడు. వాడు లేచి నిలబడి, గాలి పీల్చుకుని, సాత్తూరు స్టేషనులో ఆగకుండా పోయే మెయిలు బండిలాగా చివరిదాకా లాగేశాడు. దొర చప్పట్లు కొట్టి, చాలా బాగుంది, ఇది తమిళమా తెలుగా అని అడిగాడు. మర్యాదగా, మనసారా అడిగాడు. సాయంత్రం హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచి, "చూశావా, వేగం చాల్లేదు" అన్నాడు. నేను మారు మాట్లాడలేదు. మీరు కూడా అట్లాంటి చోట మాట్లాడకండి.

మన పాట మనకు వినబడదు

విరుదునగర్ స్టేషనులో నెల్లూరు నుంచి వచ్చిన ఒక గుమాస్తా ఉండేవాడు. నేను తెలుగువాణ్ణని ఎట్లాగో తెలుసుకుని, ఒకరోజు ఆశగా మాట్లాడించాడు. నేను రెండు మాటలు మాట్లాడగానే పడీపడీ నవ్వాడు. "ఏమండీ, మీరు తెలుగు మాట్లాడుతున్నారా, అరవం రాగంలో పాడుతున్నారా? మా ముత్తవ్వ వాడిన మాటలు మీ నోట్లో ఉన్నాయి" అన్నాడు. నాకేమో అతను మాట్లాడుతుంటే ప్రతి మాటా నొక్కి విడిచినట్టుంది. అతని రాగం నాకు వినబడింది, నాది అతనికి వినబడింది. ఎవరిది వాళ్లకు వినబడలేదు. కొత్తగా చేరిన పిల్లలూ, ఉద్యోగమంతా ఇందులోనే ఉంది. పిల్లవాడి చెవికి వాడి రాగం వినిపించగలిగితే మీ పని సగం అయినట్టే.

అప్పటినుంచి నాకు చెవులు తెరుచుకున్నాయి. దూది కొనడానికి బొంబాయి వైపు నుంచి వచ్చే సేట్లు బజారులో మాట్లాడుకుంటుంటే అర్థం తెలియకపోయినా నిలబడి వినేవాణ్ణి. అందరిదీ ఒక్కో నడక. మన తెలుగు ఉందే, అది పంక్తి భోజనం. ప్రతి అక్షరానికీ ఆకు వేస్తాం, ప్రతి అక్షరానికీ వడ్డిస్తాం. పొట్టిదానికి కొంచెం, పొడుగుదానికి ఇంకాస్త, అంతే తేడా. అరవం కూడా దాదాపు అంతే. ఇంగ్లీషు పద్ధతి వేరు. వాక్యంలో ముఖ్యమైన మాటలను పీట వేసి కూర్చోబెడుతుంది. మిగతావి ఆ సందుల్లో నిలబడి తినేసి పోవలసిందే. ఇదంతా ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. అప్పట్లో చెవికి తెలిసేది కాని నోటికి రాలేదు. నేర్పడం ఎట్లాగో అసలే తెలియలేదు.

ఎస్తేరు

విరుదునగర్‌లో దూది నుంచి గింజ తీసే జిన్ను ఫ్యాక్టరీలు చాలా ఉండేవి. వాటిలో ఒకదాంట్లో దావీదు అనే అతను యంత్రాలకు నూనె పోసేవాడు. అతని భార్య మరియమ్మ పత్తిలో పుల్లలూ ఆకులూ ఏరే పనిలో ఉండేది. వాళ్ల కూతురు ఎస్తేరు మిషన్ బడిలో చదివి మంచి మార్కులతో పాసైంది. టీచరు కావాలని ఆమె కోరిక. మిషన్ వాళ్ల ట్రైనింగ్ స్కూలుకు పెద్దగా ఉన్న దొరసాని విరుదునగర్ వచ్చి పిల్లలతో మాట్లాడి ఎంపిక చేసుకునేది.

దొరసాని ఎస్తేరును ఏదో అడిగింది. ఎస్తేరు జవాబు చెప్పింది. దొరసానికి అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది, మళ్లీ కాలేదు. చివరికి దొరసాని కాగితం ఇచ్చి రాయమంది. రాసినదాంట్లో ఒక్క తప్పు లేదు. "చిన్నపిల్లలు నీ నోటి నుంచి ఇంగ్లీషు నేర్చుకోవాలమ్మా. ఎండలు ముదిరేలోపు ఇంకోసారి వస్తాను. అప్పటికీ ఇట్లాగే ఉంటే వేరే అమ్మాయిని తీసుకోక తప్పదు" అని చెప్పి పంపేసింది.

దావీదు కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చి ఇదంతా అరవంలో చెప్పాడు. ట్రైనింగ్ దొరక్కపోతే ఎస్తేరు జిన్నులోకే పోవాలి. మేస్త్రి తల్లి పక్కనే చోటు చూపించాడట. మరియమ్మ మాత్రం ఒప్పుకోవడం లేదట. దూది దుమ్ము పీల్చీ పీల్చీ ఆమెకు దగ్గు పట్టుకుంది. ఆ దుమ్ము తనతోనే ఆగాలి, కూతురి దాకా రాకూడదు అంటోందట. దావీదు చెబుతున్నంతసేపూ ఆ అమ్మాయి నేల చూపులు చూస్తూ నిలబడింది. నేను ఒప్పుకున్నాను. నేర్పడం వచ్చి ఒప్పుకోలేదు. కాదనడానికి నోరు రాలేదు, అంతే.

రోజూ సాయంత్రం తండ్రీ కూతురూ వచ్చేవారు. ఆమె తిన్నె మీద కూర్చునేది, తండ్రి కింద మెట్టు మీద కూర్చునేవాడు. మొదట నేను రూళ్లకర్ర తీసుకుని, ఆమె చదువుతుంటే తాళం వేశాను. నేను అక్షరానికొక దెబ్బ వేశాను, ఆమె దెబ్బకొక అక్షరం చదివింది. ఉన్నది ఇంకాస్త చెడింది. పోనీ నేను చదువుతాను, నాలాగా అనమన్నాను. అచ్చం నాలాగే అంది. అప్పుడు తెలిసింది, నా ఇంగ్లీషూ అదే పంక్తి భోజనమని. గురువుకు లేనిది శిష్యురాలికి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇట్లా కొన్నాళ్లు గడిచాయి. ఒక సాయంత్రం తిన్నె ముందు చాప మీద కంబు ఎండబోసి ఉంది. కంబు అంటే మీ వైపు సజ్జలు. వీధిలో పోయే మేక ఒకటి వచ్చి మూతి పెట్టింది. ఎస్తేరు పుస్తకం పక్కన పడేసి లేచి, "పోయే, పో ఆడికి! నీ మొగం మండ, ఎవురి సొత్తని తినేది!" అని అరిచింది.

లోపలి నుంచి మా అమ్మ గొంతు వచ్చింది. "ఎవుర్రా అది, మన మాట మాట్లాడేది?"

దావీదు గాభరాగా లేచి నిలబడ్డాడు. "మేమూ తెలుగోళ్లమే అయ్యా. బయట మాట్లాడము గదా" అన్నాడు.

"మేమూ అంతే గదయ్యా" అన్నాను.

ఇన్నాళ్లూ తెలుగువాళ్లు ముగ్గురం అరవంలో ఇంగ్లీషు పాఠం చెప్పుకుంటున్నాం! ఇది మా సీమలోనే జరుగుతుంది. పక్కింటివాళ్ల ఇంటి భాష ఏమిటో మాకు తెలియదు, అడగం, వాళ్లూ చెప్పరు. మనుషులకు అరవం, మేకలకూ కోళ్లకూ తెలుగు. ఆ రోజు నవ్వీ నవ్వీ ఎస్తేరుకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

మా అమ్మ రోకలి

మర్నాటి నుంచి పాఠం తెలుగులోకి దిగింది. చదువు ముందుకు పోలేదు కాని మనసు తేలికపడింది. అదే వారంలో ఒకరోజు మేం తిన్నె మీద ఉంటే, పెరట్లో మా అమ్మా నా భార్యా కంబు దంచుతున్నారు. పాఠం సాగడం లేదు, ఆ చప్పుడు ఒకటి. విసుగు పుట్టి, కాసేపు ఆపండమ్మా అని కేకేశాను.

"ఆపితే రేపు సంకటి ఎవురు చేసేదిరా, నీ ఇంగ్లీషా?" అంది మా అమ్మ.

నోరు మూసుకుని విన్నాను. ఒకే రోట్లో రెండు రోకళ్లు. ఒకటి లేస్తుంటే ఇంకొకటి పడుతుంది. మా అమ్మ దంచుతూనే కోడలికి ఊళ్లో సంగతేదో చెబుతోంది. ఒక పోటుకూ ఇంకో పోటుకూ మధ్య ఒకసారి ఒక్క మాట పడుతోంది, ఒకసారి నాలుగు మాటలు ఇరుక్కుని దూరిపోతున్నాయి. ఎన్ని మాటలున్నా రోకలి మాత్రం ఆగడం లేదు. ఆగితే ఎదుటి రోకలి వచ్చి తగులుతుంది మరి.

నేను లేచి నిలబడ్డాను. కోవిల్పట్టి దొర మాట ఇదే! వాళ్లు మాటలు మింగడం లేదు. ముఖ్యమైన మాట మీద పోటు వేస్తున్నారు, చిన్న మాటలను సందులో దూరుస్తున్నారు. గర్ల్స్ పిక్ కాటన్ అన్నా మూడు పోట్లే. ద గర్ల్స్ ఆర్ పికింగ్ ద కాటన్ అన్నా మూడే. ద గర్ల్స్ విల్ హావ్ బీన్ పికింగ్ సమ్ కాటన్ అన్నా మూడే. మాటలు పెరిగాయని పోటు ఆలస్యం కాదు.

"ఎస్తేరూ, దంచడం వచ్చునా?" అన్నాను.

"దంచకుండా కూడు ఎట్ల అయ్యా?" అంది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ కాలంలో జిన్ను కూలీల అమ్మాయి మా ఇంటి పెరట్లోకి రావడం, మా రోలూ రోకలీ ముట్టడం మామూలు సంగతి కాదు. తిన్నె మీద కూర్చోబెట్టినందుకే వీధిలో గుసగుసలు పుట్టాయి. మా అమ్మను అడిగితే, పాత రోలు ఒకటి ఉంది, దాన్ని పశువుల కొట్టం దగ్గరికి దొర్లించుకోండి అంది. దొర్లించాం. అది సిగ్గుపడవలసిన ఏర్పాటే. ఎస్తేరు కొంగు బిగించి రోకలి అందుకుంది. ఎదుటి రోకలి నేను పట్టాను.

రోకలి చేతిలో ఉన్నా, ఇంగ్లీషు మొదలుపెట్టగానే ఎస్తేరు చెయ్యి అక్షరం కోసం ఆగిపోయేది. నాకా దంచడం రాదు. నేనూ ఆమె కోసం ఆగేవాణ్ణి. అటు చూస్తూ కూర్చున్న మా అమ్మకు ఒళ్లు మండిపోయింది.

"ఇది దంచడమా? కంబుకు నొప్పి పుట్టకుండా నిమురుతా ఉండారా? జరుగురా అబ్బయ్యా" అని నా చేతిలోని రోకలి లాక్కుంది.

మా అమ్మ ఎవరి కోసమూ ఆగే మనిషి కాదు. ఎస్తేరు 'ద గర్ల్స్' అంది, పోటు పడింది. 'విల్ హావ్ బీన్' దగ్గర అలవాటుగా తటపటాయించింది. మా అమ్మ రోకలి వచ్చి ఆమె రోకలిని ఠక్కున కొట్టింది. ఎస్తేరు చేతులు జలదరించాయి.

"నీ మాటలు నువ్వు ఎన్నన్నా సెప్పుకో అమ్మీ. నా రోకలి మాత్రం నిలవదు. నువ్వే దూరాల" అంది మా అమ్మ.

రెండు రోజులు రోకళ్లు తగులుతూనే ఉన్నాయి. మూడో రోజు ఎస్తేరు 'విల్ హావ్ బీన్' మూడింటినీ నలిపి ఒక్క ఊపులో దూర్చేసి, 'పికింగ్' మీద సరిగ్గా పోటు వేసింది. నాకు ఒళ్లు ఝల్లుమంది. అది దొరల ఇంగ్లీషు! మా ఇంటి పశువుల కొట్టం దగ్గర, కంబు పొట్టు మధ్యలో, దొరల ఇంగ్లీషు! నేను గట్టిగా అరిచాను. మా అమ్మ మాత్రం, "ఇప్పుడు దంచుతా ఉండావు" అని ఊరుకుంది.

తరవాత ఆమె మెత్తబడింది. ఎస్తేరు రావడం ఆలస్యమైతే, ఆ అమ్మి ఇంకా రాలేదేమిరా అని వీధిలోకి చూసేది. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఇద్దరూ వంటింటి పక్కనున్న పెద్ద రోటి దగ్గర దంచుతున్నారు. పాత రోలు కొట్టం దగ్గరే పడి ఉంది. ఎప్పుడు మారారని నేను అడగలేదు. వాళ్లిద్దరూ దంచిన పిండితో సంకటి చేసుకుని మేమందరం తిన్నాం, వాళ్లింటికీ పంపాం. వీధిలోవాళ్లు మాత్రం వాద్దియారింట్లో ఇంగ్లీషును పిండి చేస్తున్నారని నవ్వుకునేవాళ్లు. నాకూ అది నచ్చింది.

కిటికీ బయట

దొరసాని మళ్లీ వచ్చింది. మిషన్ బంగళాలో ఆమె గది కిటికీ తెరిచే ఉంది. బయట వరండాలో నేనూ దావీదూ కూర్చున్నాం. అతను తలగుడ్డ విప్పి చేతుల్లో నలుపుతున్నాడు.

మొదట పుస్తకం చదివించింది. ఎస్తేరు బాగా చదివింది. లోపల రోకలి లేకపోయినా పోటు ఎక్కడ పడుతోందో నాకు తెలుస్తూనే ఉంది. దావీదు నా ముఖం చూశాడు. నేను తల ఊపాను.

తరవాత దొరసాని పుస్తకం మూయించి, నువ్వు టీచరువి ఎందుకు కావాలనుకుంటున్నావు అని అడిగింది. ఇది మేం దంచని మాట. ఎస్తేరు మొదలుపెట్టింది, తడబడింది. మళ్లీ పాత నడక, అక్షరానికొక ఆకు. ఆగిపోయింది.  

దొరసాని దయగల మనిషి. భయపడకు, తమిళంలో చెప్పు అని అరవంలోకి దిగింది. ఆమె అరవం విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక్క అక్షరం మీద పెద్ద పోటు, మిగతావన్నీ నలిగి పొడి. మాటలన్నీ సరైనవే. ఒక్క ముక్క అర్థం కాలేదు.

అప్పుడు ఎస్తేరు గొంతు వినబడింది. ఇంగ్లీషులోనే అంది, "మేడమ్, తమిళంలో ప్రతి అక్షరానికీ దాని వంతు ఇవ్వాలి. మీరు ఒక్కదానికే ఇచ్చి మిగతావాటిని తోసేస్తున్నారు. ఇట్లా చెప్పి చూడండి." ఆ తరవాత అరచేతి మీద వేళ్లతో మెల్లగా, సమంగా తట్టే చప్పుడు, దాంతోపాటు దొరసాని అన్న అరవం మాటే ఎస్తేరు నోట.

దావీదు నా చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యా, మా అమ్మి దొరసానికే పాఠం సెప్తా ఉండాదే! పోయె. అంతా పోయె" అన్నాడు. 

నాకు మాత్రం ఇంకొకటి వినబడుతోంది. ఎస్తేరు ఇప్పుడు పరీక్షను మరిచిపోయింది. ఎదుటి మనిషికి ఒకటి తెలియదు, అది ఆమెకు తెలుసు, చెప్పాలి. అంతే ఆమె మనసులో ఉంది. మేం దంచని మాటలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి, ప్రతి పోటూ పడవలసిన చోట పడుతోంది. ఎవరూ ఎదురుగా రోకలి పట్టుకుని లేరు. చెప్పాల్సిన మాట ఉన్నప్పుడు నడక దానంతటదే వస్తుందని ఆ కిటికీ బయటే నేను నేర్చుకున్నాను. అందుకే మీకు చెబుతున్నాను, పిల్లలకు ఎప్పుడూ ఉత్త వాక్యాలే ఇవ్వకండి. చెప్పడానికి ఏదైనా ఇవ్వండి.

లోపల దొరసాని అరచెయ్యి తట్టుకుంటూ అరవం వాక్యం చెబుతోంది. తప్పింది. ఎస్తేరు మళ్లీ చెప్పించింది. మళ్లీ తప్పింది. మూడోసారికి నాకు బయటికి శుభ్రంగా అర్థమైంది. దొరసాని పెద్దగా నవ్వింది.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. దొరసాని మొదట దావీదుకు నమస్కారం పెట్టింది. తరవాత నాతో ఇంగ్లీషులో, "ఇన్నేళ్లుగా నా తమిళం విని అందరూ చిరునవ్వు నవ్వుతారు. ఎందుకో ఒక్కరూ చెప్పలేదు. ఈ అమ్మాయి చెప్పింది. నాకు కావలసింది ఇట్లాంటి టీచర్లే" అంది. ఎస్తేరు వైపు తిరిగి, జూన్‌లో మా దగ్గరికి రావచ్చు అంది.

దావీదుకు ఆ మాట నేనే తెలుగులో చెప్పాను. అతను తలగుడ్డతో ముఖం తుడుచుకుని, "వాళ్లమ్మకు సెప్పాల" అన్నాడు.

ముగ్గురం జిన్ను దగ్గరికి నడిచాం. పని వేళ ఇంకా ముగియలేదు. యంత్రాల హోరుకు గేటు దగ్గర, ఆనుకుని నిలబడితే తప్ప మనిషి మాట మనిషికి వినబడదు. దావీదు లోపలికి పోయి మరియమ్మను పిలుచుకొచ్చాడు. జుట్టు నిండా, కనుబొమ్మల నిండా దూది. దగ్గుతూ వచ్చి కూతురి ముఖంలోకి చూసింది.

"దొరసాని ఏమనె?" అంది.

ఎస్తేరు నవ్వుతూ తల్లి చెవి దగ్గరికి వంగి, దొరసాని అన్న మాటను దొరసాని అన్నట్టే ఇంగ్లీషులో చెప్పింది. "యు మే కమ్ టు అస్ ఇన్ జూన్."

మరియమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నేను అర్థం చెప్పబోయాను. ఆమె చెయ్యి ఎత్తి నన్ను ఆపింది. కూతురి గడ్డం పట్టుకుని, "ఇంగోసారి సెప్పు అమ్మీ" అంది.

ఎస్తేరు చెప్పింది. మరియమ్మ కళ్లు మూసుకుని విన్నది. మళ్లీ చెప్పమంది. ఎస్తేరు మళ్లీ చెప్పింది. మేస్త్రి లోపలి నుంచి కేకేశాడు. మరియమ్మ కొంగుతో కూతురి ముఖం మీద పడ్డ దూదిని తుడిచి, ఇంటికి పోయి పొయ్యి ముట్టించమని చెప్పి, తన పనికి తాను లోపలికి వెళ్లింది. అర్థం ఆమె నన్ను అడగనే లేదు.